1971 లెక్క ఇంకా తేలలేదు: అప్పులు పంచుకున్నా ఆస్తులు పంచుకోని పాకిస్తాన్, బంగ్లాదేశ్

2025 ఏప్రిల్ 17న బంగ్లాదేశ్, పాకిస్తాన్ విదేశాంగ కార్యదర్శులు జషీమ్ ఉద్దీన్, ఆమ్నా బలోచ్ ఢాకాలో సమావేశమయ్యారు. ఆ స్థాయిలో రెండు దేశాల అధికారులు చర్చలకు కూర్చోవడం పదిహేనేళ్లలో అదే మొదటిసారి. వాణిజ్యం, రవాణా, రాకపోకల వంటి విషయాలతో పాటు బంగ్లాదేశ్ మూడు పాత డిమాండ్లను మళ్లీ వినిపించింది. 1971 నాటి దారుణాలకు పాకిస్తాన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాలన్నది మొదటిది. బంగ్లాదేశ్ శిబిరాలలో ఉండిపోయిన ఉర్దూ మాతృభాషీయులను తీసుకువెళ్లాలన్నది రెండవది. అవిభక్త పాకిస్తాన్ ఆస్తులలో తమ వాటా చెల్లించాలన్నది మూడవది. మూడవదానికి ఒక అంకె కూడా చెప్పింది: 452 కోట్ల డాలర్లు. ఈ మూడింటినీ ఢాకా అధికారులు విలేకరులకు వివరించగా, ఇస్లామాబాద్ వెలువరించిన ప్రకటనలో వాటి ప్రస్తావన కనిపించలేదు.

452 కోట్ల డాలర్లు ఈనాటి బంగ్లాదేశ్‌కు చిన్న మొత్తం కాదు. విదేశీ మారక ద్రవ్యం కొరత ఏర్పడినప్పుడు ఆ దేశానికి అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023 జనవరిలో మంజూరు చేసిన రుణం 470 కోట్ల డాలర్లు. అంటే పొరుగు దేశం నుంచి తమకు రావలసి ఉందని చెబుతున్న సొమ్ము, పరాయి సంస్థ దగ్గర చేసిన అప్పుకు దాదాపు సమానం. ఇక పాకిస్తాన్ పరిస్థితి చూస్తే, 2024 సెప్టెంబరులో అదే ద్రవ్యనిధి నుంచి 700 కోట్ల డాలర్ల రుణ కార్యక్రమం తీసుకున్నది. అడిగేవారూ, ఇవ్వవలసినవారని చెప్పబడుతున్నవారూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

ఈ వివాదంలో తరచు మరుగున పడే విషయం ఒకటి ఉన్నది. విడిపోయిన దేశానికి అప్పులూ ఉంటాయి, ఆస్తులూ ఉంటాయి. అప్పుల లెక్క 1974 నాటికే చాలావరకు తేలిపోయింది. ఆస్తుల లెక్క మాత్రం అర్ధశతాబ్దం దాటినా మొదటి అడుగు దగ్గరే ఆగి ఉన్నది. ఎందుకు?

విభజన నాటి పూర్వానుభవం

ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు అన్నదమ్ములు పెద్దమనుషుల ఎదుట భాగాలు పంచుకుంటారు. ఇల్లు, పొలం, పశువులతో పాటు తండ్రి చేసిన బాకీలు కూడా పంపకంలోకి వస్తాయి. దేశాలు విడిపోయినప్పుడు ఆ పెద్దమనిషి ఎవరన్నదే చిక్కు.

1947లో బ్రిటిష్ ఇండియా విభజన జరిగినప్పుడు ఆ పని కొంతవరకు క్రమపద్ధతిలో సాగింది. ఆస్తులు, అప్పులలో పాకిస్తాన్ వాటా 17.5 శాతం అని నిర్ణయించారు. నగదు నిల్వలో ఆ దేశానికి 75 కోట్ల రూపాయలు రావలసి ఉండగా, 20 కోట్లు వెంటనే ఇచ్చారు. మిగిలిన 55 కోట్లు ఇచ్చేలోగా కశ్మీర్‌లో పోరాటం మొదలయింది. ఆ సొమ్ము ఆయుధాలుగా మారి తిరిగి తన సైనికులపైకే వస్తుందన్న కారణంతో భారత ప్రభుత్వం చెల్లింపును నిలిపివేసింది. 1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలో నిరాహార దీక్ష ప్రారంభించారు. జనవరి 15న ఆ మొత్తాన్ని విడుదల చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది.

నగదు సంగతి అలా ముగిసింది, అప్పు సంగతి ముగియలేదు. అవిభక్త భారత ప్రభుత్వ రుణ భారాన్ని మొత్తంగా భారతదేశమే స్వీకరించి, పాకిస్తాన్ తన వాటాను వాయిదాల పద్ధతిలో భారత్‌కు చెల్లించాలని నాడు ఒప్పందం కుదిరింది. ఆ వాటా కింద పాకిస్తాన్ నుంచి రావలసిన సుమారు 300 కోట్ల రూపాయలు భారత బడ్జెట్ పత్రాలలో దశాబ్దాల తరబడి ఒక పద్దుగా నమోదవుతూనే వచ్చాయి. మరోవైపు, భారత రిజర్వు బ్యాంకు నుంచి తనకే ఆస్తులు రావలసి ఉన్నాయని పాకిస్తాన్ స్టేట్ బ్యాంకు తన లెక్కలలో చూపుతున్నది.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయినప్పుడు ఈ మాత్రం ఏర్పాటు కూడా లేదు. అక్కడ జరిగింది చర్చల ద్వారా విభజన కాదు, యుద్ధం. పంపకానికి కూర్చోవలసిన రెండు పక్షాలలో ఒకటి, రెండవదాన్ని దేశంగానే గుర్తించలేదు.

లెక్కల మీదే మొదలయిన తగవు

నిజానికి పాకిస్తాన్ విచ్ఛిన్నానికి దారితీసిన తగవులో భాషతో పాటు డబ్బు లెక్క కూడా ముఖ్యమైనదే. 1961 జనగణన ప్రకారం తూర్పు పాకిస్తాన్ జనాభా సుమారు 5.1 కోట్లు, పశ్చిమ పాకిస్తాన్ జనాభా సుమారు 4.3 కోట్లు. దేశానికి విదేశీ మారకం సంపాదించిన ప్రధాన ఎగుమతి జనపనార తూర్పున పండేది. కేంద్ర బ్యాంకు, రాజధాని, సైనిక వ్యవస్థ, పెద్ద వ్యాపార సంస్థల కార్యాలయాలు పశ్చిమాన ఉండేవి. తూర్పు సంపాదన పశ్చిమానికి తరలిపోతున్నదన్నది అక్కడి ఆర్థికవేత్తల, నాయకుల ఫిర్యాదు.

షేక్ ముజీబుర్ రహమాన్ 1966 ఫిబ్రవరిలో లాహోర్‌లో ప్రకటించిన ఆరు సూత్రాల కార్యక్రమాన్ని ఈ దృష్టితో చదవాలి. రెండు ప్రాంతాలకు వేర్వేరు కరెన్సీలు గానీ, ఒకే కరెన్సీ అయితే తూర్పు నుంచి పెట్టుబడి తరలిపోకుండా రాజ్యాంగపరమైన రక్షణలు గానీ ఉండాలని, విదేశీ మారక ఖాతాలు వేర్వేరుగా ఉండాలని అందులో కోరారు. చూడటానికి అది రాజకీయ ప్రణాళిక. సారాంశంలో చాలావరకు ఖాతా పుస్తకాలు విడదీయమన్న కోరిక.

1970 నవంబరు 12 రాత్రి బంగాళాఖాతం నుంచి వచ్చిన పెనుతుపాను తూర్పు పాకిస్తాన్ తీరాన్ని ముంచెత్తింది. మృతుల సంఖ్య మూడు లక్షల నుంచి ఐదు లక్షల వరకు ఉండవచ్చని అంచనా. ప్రపంచ దేశాలు సహాయం పంపాయి. ఆ సహాయంలో 20 కోట్ల డాలర్లు ఢాకాలోని స్టేట్ బ్యాంకు శాఖలో ఉండగా, యుద్ధ సమయంలో లాహోర్ శాఖకు తరలించారన్నది బంగ్లాదేశ్ ఆరోపణ. నేటి 452 కోట్ల డాలర్ల డిమాండులో ఈ తుపాను సొమ్ము కూడా ఉన్నది. ఢాకా చర్చలలో అధికారులు దాన్ని ప్రత్యేకంగా పేర్కొనడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఆస్తుల వాటా శాతాలపై వాదించవచ్చు. సముద్రంలో కొట్టుకుపోయిన పల్లెలకు వచ్చిన విరాళం ఎవరిదన్న ప్రశ్నపై వాదించడం అంత సులభం కాదు.

యుద్ధం చివరి రోజులలో పశ్చిమ పాకిస్తాన్ సంస్థలు తూర్పులోని నిధులను దాదాపు పూర్తిగా తరలించుకుపోయాయని ఆనాటి పత్రికలు రాశాయి. చిట్టగాంగ్ బ్యాంకు ఖాతాలో పాకిస్తాన్ విమానయాన సంస్థ మిగిల్చి వెళ్లినది సరిగ్గా 117 రూపాయలని అమెరికన్ వారపత్రిక టైమ్ 1972 జనవరిలో ప్రచురించింది. కొత్త దేశం తన సొంత కరెన్సీ టాకాను 1972 మార్చి 4న ప్రవేశపెట్టింది. దానికి దన్నుగా నిలిచే బంగారం గానీ, విదేశీ మారకం గానీ కొత్త ప్రభుత్వం చేతికి రాలేదు.

అప్పులు ఎలా తేలాయి

పాకిస్తాన్‌కు రుణాలిచ్చిన సంపన్న దేశాలు ప్రపంచ బ్యాంకు నాయకత్వంలో ఒక కూటమిగా ఉండేవి. 1971 మే నెలలోనే పాకిస్తాన్ ఆ అప్పుల వాయిదాల చెల్లింపును ఏకపక్షంగా నిలిపివేసింది. యుద్ధం ముగిశాక మరో మెలిక పెట్టింది: తూర్పు పాకిస్తాన్‌లో ఖర్చయిన రుణాలను తాము తీర్చబోమన్నది. దానితో రుణదాతలు ఢాకా వైపు తిరిగారు.

ఢాకా సమాధానం సూటిగా ఉన్నది. మమ్మల్ని దేశంగానే గుర్తించని ప్రభుత్వం చేసిన అప్పుకు మేమెలా బాధ్యులమవుతాం? ఆస్తులలో వాటా ఇవ్వకుండా అప్పులలో వాటా ఏమిటి? ఆర్థిక మంత్రి తాజుద్దీన్ అహ్మద్, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు నూరుల్ ఇస్లాం ఈ వైఖరిని గట్టిగా వినిపించారు. సూత్రరీత్యా అది బలమైన వాదన. ఆచరణలో మాత్రం బంగ్లాదేశ్‌కు ఆహార ధాన్యాలు, చమురు, దెబ్బతిన్న వంతెనలకు మరమ్మతులు కావాలి. వాటికి డబ్బు ఇవ్వగలిగినవారు ఈ రుణదాతలే. పాత బాకీ సంగతి తేలనిదే కొత్త సహాయం క్రమబద్ధం కాదని వారు స్పష్టం చేశారు.

చివరకు 1974లో ఒక మధ్యేమార్గం కుదిరింది. విదేశీ రుణాలతో నిర్మించిన ప్రాజెక్టులలో ఏవి బంగ్లాదేశ్ గడ్డపై కంటికి కనిపిస్తున్నాయో, వాటి అప్పుకు మాత్రం బంగ్లాదేశ్ బాధ్యత వహిస్తుంది. పాత ఒప్పందాలకు వారసురాలిగా కాక, రుణదాతలతో కొత్తగా కుదుర్చుకున్న అవగాహన ప్రకారం వహిస్తుంది. మిగిలిన అప్పు పాకిస్తాన్‌దే. ఆ దేశానికి రుణదాతలు వాయిదాలను సడలించి ఊరట కల్పించారు. అదే ఏడాది బంగ్లాదేశ్ కోసం ప్రత్యేక సహాయ కూటమి ఏర్పడింది.

ఇక్కడ గమనించవలసినదేమంటే, ఈ ఏర్పాటు కోసం ఢాకా, ఇస్లామాబాద్ ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకోనక్కరలేకపోయింది. రెండూ విడివిడిగా రుణదాతలతో మాట్లాడుకున్నాయి. అప్పుకు ఒక యజమాని ఉన్నాడు, అతని దగ్గర డబ్బు ఉన్నది, ఒత్తిడి తేగల శక్తి ఉన్నది. అందుకే అది తేలింది. ఆస్తులకు అలాంటి మూడవ వ్యక్తి ఎవరూ లేరు.

1974 జూన్: ఢాకాలో భుట్టో

ఆస్తుల చర్చకు అవకాశం వచ్చిన సందర్భం ఒకటే. ఆ సందర్భం వచ్చేనాటికి బంగ్లాదేశ్ చేతిలో పట్టు లేకుండా పోయింది.

యుద్ధంలో పట్టుబడిన సుమారు 93,000 మంది పాకిస్తానీలు భారతదేశంలోని శిబిరాలలో ఉన్నారు. వారిలో 195 మందిని యుద్ధ నేరాల ఆరోపణలపై విచారిస్తామని బంగ్లాదేశ్ ప్రకటించింది. పాకిస్తాన్‌కు తన బందీలు కావాలి. బంగ్లాదేశ్‌కు గుర్తింపు కావాలి. గుర్తింపు లేనిదే ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికేలా లేదు. 1972 ఆగస్టులో బంగ్లాదేశ్ సభ్యత్వాన్ని చైనా వీటో చేసింది. 1974 ఫిబ్రవరి 22న లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల శిఖరాగ్ర సమావేశం సందర్భంగా పాకిస్తాన్ గుర్తింపు ప్రకటించింది. ఏప్రిల్ 9న ఢిల్లీలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ విదేశాంగ మంత్రిత్వ ప్రతినిధులు స్వరణ్ సింగ్, అజీజ్ అహ్మద్, కమాల్ హుస్సేన్ త్రైపాక్షిక ఒప్పందంపై సంతకాలు చేశారు. జరిగి ఉండగల నేరాలను పాకిస్తాన్ ఖండిస్తున్నదని, వాటికి తీవ్రంగా విచారిస్తున్నదని అందులో నమోదయింది. 195 మందిపై విచారణను బంగ్లాదేశ్ వదులుకున్నది. ఆస్తుల పంపకం గురించి ఆ పత్రం ఏమీ తేల్చలేదు.

రెండున్నర నెలల తరువాత, జూన్ 27న, ప్రధానమంత్రి జుల్ఫికర్ అలీ భుట్టో ఢాకాలో దిగారు. ఆస్తులను సమానంగా పంచుకోవాలన్న సూత్రాన్ని ముందుగా అంగీకరించాలని, వివరాలను సంయుక్త సంఘానికి అప్పగించాలని బంగ్లాదేశ్ ప్రతిపాదించింది. సుహృద్భావ సూచకంగా, సులభంగా విడదీయగల విమానాలు, నౌకలు, బంగారం నిల్వల వంటి వాటిలో కొంత భాగాన్ని రెండు నెలలలో అప్పగించాలని కోరింది. భుట్టో అంగీకరించలేదు. చర్చలు విఫలమయ్యాయని కమాల్ హుస్సేన్ ప్రకటించారు. బందీలు అప్పటికే ఇళ్లకు చేరారు, గుర్తింపు వచ్చేసింది. ఇచ్చి పుచ్చుకోవడానికి ఢాకా దగ్గర ఇక ఏమీ మిగలలేదు.

1975 ఆగస్టు 15న ముజీబ్ హత్యకు గురయ్యారు. తరువాత వచ్చిన ప్రభుత్వాలు పాకిస్తాన్‌తో సఖ్యత కోరాయి. 1976 నాటికి రాయబార కార్యాలయాలు తెరుచుకున్నాయి, లెక్కల పుస్తకం మూతపడింది.

చట్టం ఏమంటుంది

ఇలాంటి వివాదాల కోసమే 1983లో వియన్నాలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక రూపొందింది. దేశం నుంచి ఒక భాగం విడిపోతే ఆస్తులు, అప్పులు న్యాయమైన నిష్పత్తిలో కొత్త దేశానికి సంక్రమించాలని అది చెబుతున్నది. వలస పాలన నుంచి విముక్తమయిన దేశానికి మాత్రం, ఒప్పందం ఉంటే తప్ప పాత అప్పు అంటదు. బంగ్లాదేశ్ ఈ రెండింటిలో దేని కిందికి వస్తుంది? తమది దోపిడీ పాలన నుంచి విముక్తి అన్నది బంగ్లాదేశ్ చారిత్రక దృష్టి. ఆ దృష్టితో చూస్తే అప్పు అంటదు. కాని ఉమ్మడి ఆస్తిలో సగం అడగాలంటే తాము ఆ దేశంలో సమాన భాగస్వాములమని చెప్పాలి. ఇంతకూ చాలినన్ని దేశాలు ఆమోదించకపోవడంతో ఆ ఒడంబడిక నేటికీ అమలులోకి రాలేదు.

విడిపోయిన ఇతర దేశాలు తలో దారి పట్టాయి. సోవియట్ యూనియన్ విదేశీ అప్పులను, విదేశాలలోని ఆస్తులను కలిపి రష్యాయే తీసుకున్నది. యుగోస్లావియా వారస దేశాలు యుద్ధాలు ముగిశాక 2001లో పంపకాల ఒప్పందం చేసుకున్నాయి. సుడాన్, దక్షిణ సుడాన్ 2012లో చేసుకున్న ఒప్పందంలో అప్పు మొత్తం సుడాన్ నెత్తినే ఉండేలా, రెండేళ్లలో రుణ మాఫీ దక్కాలన్న షరతుతో అంగీకరించాయి.

న్యాయస్థానానికి వెళితే? అంతర్జాతీయ న్యాయస్థానం విచారించాలంటే రెండు దేశాల సమ్మతి కావాలి. సార్వభౌమ రక్షణ ఎంత బలమైన గోడో హైదరాబాద్ వారికి తెలుసు. భారత సైన్యం ప్రవేశంతో నిజాం ప్రభుత్వం లొంగిపోయిన కొద్ది రోజులకు, 1948 సెప్టెంబరు 20న, సుమారు పది లక్షల పౌండ్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయ్యాయి. నిజాం తిరిగి ఇమ్మన్నారు. పాకిస్తాన్ సార్వభౌమ రక్షణను అడ్డం పెట్టింది, 1957లో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం ఆ వాదనను సమర్థించింది. సొమ్ము బ్యాంకులోనే ఉండిపోయింది. 2013లో పాకిస్తానే స్వయంగా దావా వేసి ఆ రక్షణను వదులుకున్నాకనే కేసు కదిలింది. 2019 అక్టోబరు 2న తీర్పు నిజాం వారసులకు, భారత ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది. అప్పటికి ఆ మొత్తం దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది. అక్కడ కనీసం సొమ్ము ఒకచోట కదలకుండా ఉన్నది. 1971 ఆస్తులు అలా ఎక్కడా నిలిచి లేవు.

ఇస్లామాబాద్ మాట

పాకిస్తాన్ పక్షాన కూడా లెక్కలు ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో మిగిలిపోయిన పశ్చిమ పాకిస్తానీల మిల్లులు, బ్యాంకులు, బీమా సంస్థలు 1972లో జాతీయీకరణ పాలయ్యాయి. ప్రాజెక్టులకు చెందని పాత రుణాల భారం పాకిస్తాన్‌పైనే పడింది. వీటిని తీసివేస్తే 452 కోట్ల డాలర్లలో ఎంత మిగులుతుందన్నది సమంజసమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్నకు సమాధానం రావాలంటే ఇద్దరూ పుస్తకాలు తెరవాలి. పుస్తకం తెరిస్తే మొదటి పుట 1971 మార్చి 25 రాత్రిది. సొమ్ము ఎందుకు ఇవ్వాలన్న దగ్గర ఆనాడు ఏం జరిగిందన్న ప్రశ్న వస్తుంది. ఇస్లామాబాద్ వెనుకంజకు అసలు కారణం మొత్తం కంటే ఇదేనని తోస్తుంది. 2002లో ఢాకా వచ్చిన అధ్యక్షుడు పర్వేజ్ ముషారఫ్ మితిమీరిన చర్యలకు విచారం వ్యక్తం చేశారు. క్షమాపణ అనే మాట వాడలేదు, డబ్బు మాట ఎత్తలేదు.

2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయాక రెండు దేశాల మధ్య రాకపోకలు వేగంగా పెరిగాయి. అదే ఏడాది నవంబరులో కరాచీ నుంచి చిట్టగాంగ్‌కు నేరుగా సరుకుల నౌక వచ్చింది. 2025లో ప్రభుత్వాల స్థాయిలో 50,000 టన్నుల బియ్యం కొనుగోలు జరిగింది. ఆగస్టులో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి ఇషాక్ దార్ ఢాకా వచ్చారు. ఆ హోదాలో ఒకరు రావడం పదమూడేళ్ల తరువాత అదే. అపరిష్కృత అంశాల గురించి విలేకరులు అడగగా, అవి 1974లో ఒకసారి, ముషారఫ్ కాలంలో మరొకసారి పరిష్కారమయ్యాయని ఆయన అన్నారు. ఆ మాటతో తాము ఏకీభవించడం లేదని బంగ్లాదేశ్ విదేశాంగ వ్యవహారాల సలహాదారు తౌహీద్ హుస్సేన్ అదే రోజు చెప్పారు. యాభై నాలుగేళ్ల సమస్య ఒక్క రోజు సమావేశంలో తేలదని, చర్చలు కొనసాగించాలని ఉభయులూ అనుకున్నామని వివరించారు. ఆ పర్యటనలో దౌత్య, అధికారిక పాస్‌పోర్టులకు వీసా మినహాయింపు ఒప్పందం, మరికొన్ని అవగాహన పత్రాలు సంతకాలకు వచ్చాయి. ఆస్తులపై పత్రమేదీ లేదు.

ఇక కరాచీలోని పాకిస్తాన్ స్టేట్ బ్యాంకు తన వార్షిక లెక్కలలో భారత్, బంగ్లాదేశ్ ప్రభుత్వాల నుంచి రావలసిన మొత్తాలకు ఒక పద్దు చూపుతూ వస్తున్నది. బంగ్లాదేశ్ పేరు పక్కన పూర్వపు తూర్పు పాకిస్తాన్ అని ఉంటుంది. ఆ సొమ్ము వసూలు ప్రభుత్వాల మధ్య తుది పరిష్కారంపై ఆధారపడి ఉన్నదని కింద ఒక వివరణ.